నొచ్చుకునే ఉద్యోగం

చినమొగ పురపాలక సంఘంలో నాకు నొచ్చుకునే ఉద్యోగం వచ్చింది. నమ్మకం కుదరకపోతే నియామకపు ఉత్తర్వు చూపిస్తాను. పేరు పెచ్చెట్టి భీమేశ్వరరావు, హోదా ప్రామాణిక విశ్వాసి, హిందూ విభాగం, విధులు అవసరమైన చోట్ల మనోభావాలు గాయపరచుకొనుట అని అందులో స్పష్టంగా టైపు చేసి ఉంది. జీతం పెద్దదేం కాదు గానీ కూర్చుని చేసే పని. పైగా మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉచితంగా చేస్తున్నదే.

మా ఊరు గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంటుంది. నూకాలమ్మ గుడి, మసీదు, చర్చి మూడూ రేవు రోడ్డులోనే ఉన్నాయి. అమ్మవారి జాతరకు వంట గుండిగలు మసీదు నుంచి వస్తాయి. చర్చిలో పెళ్ళయితే షామియానా గుడి నుంచి వెళుతుంది. మైకు సెట్టు ముగ్గురికీ కలిపి ఒక్కటే. మతాల గొడవ ఎలా ఉంటుందో మా వాళ్ళు టీవీలో చూడ్డమే తప్ప ఎరగరు. అలా చూసి చూసి మా కౌన్సిల్ సభ్యులకు భయం పట్టుకుంది. ఊరు ఇంత ప్రశాంతంగా ఉందంటే లోపల ఏదో ముదురుతోందని ఒకాయన సభలో అనుమానం వెలిబుచ్చాడు. మిగతావాళ్ళు ఏకగ్రీవంగా హడలిపోయారు. అలా మనోభావ సంరక్షణ విభాగం పుట్టింది.

దానికి ప్రత్యేకాధికారిగా వచ్చిన త్రివిక్రమరావు గారు అంతకుముందు దోమల నిర్మూలన చూసేవారు. మనిషి నిజాయితీపరుడు. లంచం తీసుకోరు, నిబంధన తప్పరు, ఎవరి మాటా వినరు.

"దోమ కుట్టిన పిమ్మట మందు రాసుకొనుట పాతకాలపు పరిపాలన," అన్నారు తొలి సమావేశంలో. "గుడ్డు దశలోనే నివారించుట ఆధునిక పరిపాలన. అదే విధంగా పౌరుని మనోభావం గాయపడిన తరువాత చర్య తీసుకొనుట వలన ప్రయోజనం శూన్యం. కావున పౌరునికంటె ముందే గాయపడు యంత్రాంగమును నెలకొల్పుచున్నాము."

ఆ యంత్రాంగం మేమే. మతానికి ఒకడు చొప్పున ముగ్గురం. మేము నొచ్చుకుంటే ఆ మతం వాళ్ళంతా నొచ్చుకున్నట్టు. మేము నొచ్చుకోకపోతే ఊళ్ళో ఇంకెవరికీ నొచ్చుకునే అధికారం లేదు.

ఎంపిక చాలా కట్టుదిట్టంగా జరిగింది. త్రివిక్రమరావు గారు ఒక కాగితంలోంచి అభ్యంతరకరమైన వాక్యాలు చదువుతూ అభ్యర్థి మొహం వంక చూసేవారు. నాకు ముందు వెళ్ళినవాడు పకపకా నవ్వేశాడు. వాడి పని అక్కడితో సరి. నేను కూర్చున్న కుర్చీలో ఒక మేకు పైకి తేలి ఉంది. ఆయన రెండో వాక్యంలోకి వచ్చేసరికి సర్దుకు కూర్చుందామని కదిలాను. అది దిగింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆయన కాగితం పక్కన పెట్టేశారు.

"ఇంతటి సున్నితత్వం ఈ జిల్లాలో ఇంతవరకు నా దృష్టికి రాలేదు," అన్నారు.

మేకు సంగతి నేను చెప్పలేదు. ఉద్యోగాలు ఊరికే వస్తున్నాయా?

ముస్లిం విభాగానికి షేక్ మీరావలి వచ్చాడు. అతను సైకిలు షాపు అద్దె కట్టలేక మూసేసి ఈ లైన్లోకి దిగాడు. క్రైస్తవ విభాగానికి నేలపూడి కృపానందం. అతను చర్చి పాటలకు తబలా వాయిస్తాడు. ముగ్గురికీ మెడలో గుర్తింపు కార్డులు, సభల్లో ముందు వరసలో రిజర్వు చేసిన కుర్చీలు. ఉపన్యాసం వింటూ ఎవరికైనా మనసు కలుక్కుమంటే చెయ్యెత్తాలి. చెయ్యి లేవగానే మైకు కట్టేస్తారు.

మా తొలి డ్యూటీ రామకోటి మాస్టారి ఉపన్యాసం. చింతా రామకోటి గారు రిటైరైన సైన్సు మాస్టారు, మా ఊరికంతటికీ ఒకే ఒక్క నాస్తికుడు. పేరు మార్చుకోమని ఎవరన్నా అంటే, "మా అమ్మ పెట్టుకుందయ్యా, ఉండనీ," అంటాడు. నెలకోసారి గ్రంథాలయం అరుగు మీద నిలబడి దేవుడు లేడని రుజువు చేస్తాడు. పాస్టరు గారూ, ఇమాం సాబూ తప్పకుండా వస్తారు. వాళ్ళు రాకపోతే ఆయన మొదలుపెట్టడు. ఒకరు లేచి ఖండిస్తారు, ఆయన మళ్ళీ ఖండిస్తాడు, బజ్జీల బండి వాడికి ఆ పూట మంచి బేరం.

మేము ముందు వరసలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. మాస్టారు లోకాన్ని ఎవరూ చెయ్యలేదన్నాడు. త్రివిక్రమరావు గారు వెనకనుంచి మా చేతుల వంకే చూస్తున్నారు. మీరావలి చెయ్యెత్తాడు. మైకు వాడు స్విచ్చి మీద వేలు పెట్టాడు.

"మాస్టారూ, మరి సైకిలు దానంతటది తయారవదు కదండీ?" అన్నాడు మీరావలి.

"మంచి ప్రశ్న! ఇలా ముందుకు రా!" అని మాస్టారు మురిసిపోయాడు. ఇద్దరూ చెయిను గురించీ, చక్రం గురించీ, ఆది కారణం గురించీ చాలాసేపు వాదించుకున్నారు. కృపానందం నిద్రపోయాడు. చివర్లో మాస్టారే మా అందరికీ టీ ఇప్పించాడు. ఆనాటి నివేదికలో గాయములు లేవు అని రాయక తప్పలేదు.

ఆ తర్వాత కూడా అదే వరస. చర్చి బహిరంగ కూటానికి నేనూ మీరావలీ వెళ్ళాం. పాస్టరు గారు విగ్రహాల గురించి తన అభిప్రాయం గట్టిగానే చెప్పారు. అది ఆయన మా చిన్నప్పట్నుంచీ చెబుతున్నదే. వినకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. మసీదు మీలాదు సభలో కృపానందానికి తబలా లేదని తప్ప మరే కొరతా కనిపించలేదు.

త్రివిక్రమరావు గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"మార్చి సమీపించుచున్నది. ఈ విభాగం కొనసాగవలెనన్నచో గాయములు చూపవలెను. మీ ముగ్గురి ఖాతాలో ఒక్క గాయమైనను లేదు. అసలు మీకు చర్మం ఉన్నదా?"

"ఉందండీ," అన్నాడు కృపానందం వినయంగా. "అందుకేనండీ లోపలికి దిగట్లేదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. దోమలు రోడ్డు మీద దొరక్కపోతే ఇళ్ళలోకి వెళ్ళి నీళ్ళ తొట్లు తిరగేయించిన మనిషి. ఆయన మొహం వెలిగింది.

"పరమతం వలన గాయపడుట మీకు చేతకావడం లేదు. మంచిది. స్వమతంలో ప్రయత్నించండి."

స్వమతంలో సరుకు బోలెడుందని ముగ్గురికీ తెలుసు.

ఆ ఆదివారం చర్చిలో రొయ్యల చెరువు వేసి దెబ్బతిన్న రైతు ఒకడు లేచి, "ప్రభువా, చెరువంతా మచ్చ తెగులొచ్చి పోయింది, నువ్వు చూస్తానే ఉన్నావా?" అని బిగ్గరగా ఏడ్చాడు. త్రివిక్రమరావు గారు కృపానందం మోచెయ్యి పట్టుకుని పైకెత్తారు. దేవుని సంజాయిషీ అడిగినాడు అని ఆ రైతుకు నోటీసు వెళ్ళింది. శుక్రవారం దర్గాలో ఒక కుర్రాడు, "బాబా, ఈసారి గానీ కువైట్ వీసా రాలేదో, వచ్చే ఏడు నీకు కప్పే చాదరు సంగతి మర్చిపో," అన్నాడు. బాబావారిని బెదిరించినాడు అని వాడికీ ఒకటి వెళ్ళింది. మీరావలి రెండ్రోజులు దర్గా వీధిలో తలెత్తుకు తిరగలేకపోయాడు.

ఇక మిగిలింది నేను.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పడవలు వేటకెళ్ళాయంటే అవి తిరిగి వచ్చేదాకా రోజూ సాయంత్రం మత్స్యకారుల ఆడవాళ్ళు నూకాలమ్మ గుడికి వచ్చి అమ్మవారిని తిడతారు. దణ్ణం పెట్టడం, పాటలు పాడ్డం జాతరప్పుడు. పడవ సముద్రం మీద ఉన్నప్పుడు మాత్రం తిట్లే. అమ్మవారికి పసుపు కుంకాలతో కునుకు పడుతుందనీ, తిడితేనే మెలకువగా ఉండి పడవ వంక చూస్తుందనీ వాళ్ళ నమ్మకం. చూడ్డానికి వీలుగా చందాలు వేసుకుని ఆవిడకు చారడేసి వెండి కళ్ళు కూడా చేయించారు. తిట్టడంలో అందరికీ పెద్ద మల్లాడి గంగాయమ్మ. ఎండు చేపలు అమ్ముతుంది. ఆవిడ గొంతు రేవు దాటి ఇసకతిన్నెల దాకా వినిపిస్తుంది. చిన్నప్పుడు నేను ఆ గొంతు వింటూ అన్నం తిన్నాను. ఏ రోజైనా అది వినబడకపోతే మా అమ్మ, "పడవలొచ్చేసినట్టున్నాయి," అనేది.

అప్పుడు గంగాయమ్మ కొడుకు ఏడుకొండలు వేటకెళ్ళి ఉన్నాడు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి, అతనిది రాలేదు. సాయంత్రం గుడి ముందు త్రివిక్రమరావు గారి పక్కన నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఏవే అమ్మా!" అని మొదలెట్టింది గంగాయమ్మ. "లెగు! పడుకున్నావా? చీరలు కట్టించుకునేటప్పుడు మెలకువగానే ఉంటావు గదా, నా కొడుకు పడవ కాడికొచ్చేసరికి కునుకొచ్చేసిందా నీకు? ఆ కళ్ళెందుకే అంతంత? పూలు ఎట్టించుకోడానికా? మా ఎండు చేపల డబ్బుతో చేయించినియ్యే అయ్యి! సముద్రం కేసి సూడు!"

"గాయపడినారా?" అన్నారు త్రివిక్రమరావు గారు నా చెవిలో.

"ఇది ఎప్పుడూ ఉండేదేనండీ."

"అనగా ఎప్పటినుండియో గాయపడుచున్నారన్నమాట."

మార్చి దగ్గర పడింది. ఇంటద్దె కట్టాలి, మా అబ్బాయి ఫీజు కట్టాలి. చెయ్యెత్తాను. చెయ్యి బరువుగా ఉందనైనా చెప్పలేను, తేలిగ్గానే లేచింది.

విచారణ మర్నాడే జరిగింది. గంగాయమ్మ తట్ట గుమ్మం దగ్గర దించి లోపలికి వచ్చింది.

"సదరు దేవతను ఏవే అని సంబోధించిన మాట వాస్తవమేనా?" అన్నారు అధికారి గారు.

"మరేవని పిలమంటారు బాబూ? ఆవిడేవన్నా కలకటేరా?"

"దానివలన అమ్మవారి గౌరవమునకు భంగం వాటిల్లినది."

"ఆవిడొచ్చి మీకు సెప్పిందా?"

"అమ్మవారు చెప్పనవసరం లేదు. ప్రామాణిక విశ్వాసి చెప్పినారు."

గంగాయమ్మ నా వంక తిరిగింది. నేను ఫ్యాను వంక చూశాను. ఫ్యాను తిరగడం లేదు, అయినా చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రానికల్లా గుడి ముందు బోర్డు వెలిసింది. ఇచ్చట అమ్మవారిని గౌరవప్రదముగా మాత్రమే సంబోధించవలెను, అతిక్రమించినవారు ఆవరణ నుండి తొలగింపబడుదురు అని. ప్రజలకు ఇబ్బంది కలగకుండా విభాగమే ఒక నమూనా ప్రార్థన కూడా తయారుచేసింది. ఆడవాళ్ళకు చదువు రాదు కాబట్టి కాపలా ఉన్న కానిస్టేబులు చదివితే వాళ్ళు వెనకనుంచి అనాలి.

"గౌరవనీయులైన శ్రీ నూకాలమ్మ అమ్మవారి దివ్య సముఖమునకు," అని చదివాడు కానిస్టేబులు. "విషయము, సముద్రమున పడవ కనబడకుండుట గురించి. పై విషయమునకు సంబంధించి తమరికి సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా..."

ఆడవాళ్ళు అన్నారు. అనలేని చోట గొణిగారు. గాలి ఎక్కువైంది, గుడి మీద జెండా పటపటా కొట్టుకుంటోంది.

"ఇది ఇని ఆవిడ లెగుస్తాదా?" అంది గంగాయమ్మ పక్కవాళ్ళతో. "నాకే నిద్రొస్తంది."

కానిస్టేబులు బోర్డు వంక లాఠీ చూపించాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూర్చుంది. ఆ రోజు రేవు రోడ్డులో ఒక్క గొంతూ వినిపించలేదు. ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పడవొచ్చేసిందాండీ?" అనడిగింది. నేను పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి గంగాయమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని వెనక గుమ్మం వంక చూశాను. చేతిలో గుడ్డ మూట ఉంది, దాంట్లోంచి వేడి సెగ వస్తోంది.

"బాబూ, నా మాటకి నీకు గాయమైందంట గదా," అంది. "ఎక్కడయ్యా? రాత్రి తెలిసింది నాకు, నిద్రట్టలేదు. ఉప్పు కాపడం తెచ్చేను. గుండెలోనా? ఈపునా?"

"అబ్బెబ్బే, అదేం లేదు," అన్నాను.

"లేకపోతే ఆఫీసరంతటోడు అబద్ధం సెప్తాడా? నేను ఆవిణ్ణి తిట్టుకున్నాను గానీ నిన్నేవీ అన్లేదు బాబూ. మా అమ్మతో గొడవాడతంటే పక్కన నువ్వున్నావని సూసుకోలేదు. మీ అమ్మకి అప్పట్లో సందువా చేపలు నేనే ఇచ్చేదాన్ని. ఆవిడ కొడుకువి, నిన్ను నొప్పించుకుంటానా?"

కాపడం నా భుజం మీద పెట్టింది. చుర్రుమంది. ఊళ్ళో ఇంతమంది ఉండగా నా గాయాన్ని నిజమనుకుని వైద్యం చెయ్యడానికి వచ్చింది ఈవిడ ఒక్కతే. కొడుకు జాడ తెలియని మనిషి, పొద్దున్నే లేచి నాకోసం ఉప్పు వేయించింది. నాకు సిగ్గేసింది. సిగ్గు కాదు, నొప్పేసింది. మనోభావం అనేది ఒకటి నాకు నిజంగానే ఉందని, అది ఇలా గాయపడుతుందని నాకప్పుడే తెలిసింది.

తిన్నగా ఆఫీసుకెళ్ళాను.

"సార్, నా గాయం మానిపోయిందండీ," అన్నాను. "ఆ ఉత్తర్వు తీసెయ్యండి."

త్రివిక్రమరావు గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "గాయం మానుటకు ఇందులో అవకాశం లేదు. గాయపడుట వరకే మీ విధి. మానుట మీ పరిధిలోనిది కాదు."

"పోనీ నేనసలు గాయపడలేదంటే?"

"అప్పుడు గాయపడకుండ వేతనం పొందినారని మీపై చర్య. మీరు మానసికముగా అలసియున్నారు. ఇంటికి వెళ్ళండి."

"సార్, పడవ రాలేదండీ. ఆవిడకి తిట్టుకోడం తప్ప ఇంకో దారి లేదు."

"కోస్ట్ గార్డ్ వారికి వ్రాయవచ్చును."

"వాళ్ళకి రాశారండీ. ఇది అమ్మవారితో పని."

ఆయన జాలిగా చూశారు. నేను ఆ పుస్తకం ఆయన బల్ల మీంచి లాక్కుని గుమ్మం దగ్గర నిలబడి మొదట్నుంచీ చదివాను. ఉద్యోగంలో చేరాక దాన్ని చదవడం అదే మొదలు. చివర్న అత్యవసర నిబంధన ఒకటి ఉంది. మూడు మతాల ప్రామాణిక విశ్వాసులూ ఒకే కారణానికి ఏకకాలంలో గాయపడితే, ఆ కారణం ఎవరైనప్పటికీ, ఎంతటివారైనప్పటికీ, తక్షణం నోటీసు ఇచ్చి ఆపించాలి. ఎప్పటికైనా ఊరు తగలబడుతుందన్న ఆశతో త్రివిక్రమరావు గారు స్వయంగా రాసుకున్న నిబంధన అది.

టీ కొట్టు దగ్గర మీరావలీ, కృపానందం ఉన్నారు. సంగతి చెప్పాను. ఇది మన ముగ్గురి వల్లే కాదు, పెద్దవాళ్ళని అడగాలన్నారు. పెద్దవాళ్ళు గ్రంథాలయం అరుగు మీదే ఉన్నారు, ఆ నెల ఉపన్యాసం రోజు అది.

"ఆ విగ్రహం గురించి నా మాటేంటో ఊరందరికీ తెలుసండి," అన్నారు పాస్టరు గారు. "రేపూ అదే చెప్తాను. కానీ మొర పెట్టుకోవద్దంటానికి వీళ్ళెవరండీ? మా చెరువు రైతుని చూడండి, నోటీసు వచ్చిన కాడ్నుంచి చర్చికొచ్చి నోరు మూసుక్కూర్చుంటున్నాడు. నాకు వాక్యం చెప్పబుద్ధి కావట్లేదు. భక్తుడన్నాక దేవుడితో పోట్లాడనోడిని ఒక్కణ్ణి చూపించమనండి."

"ఇవాళ గంగాయమ్మకి నమూనా ప్రార్థన ఇచ్చారు," అన్నాడు ఇమాం సాబు. "రేపు నా దువాకి పైన విషయము, కింద ఇట్లు అని రాయిస్తారు. వద్దు బాబూ. ఆవిడ ఎవర్ని అడిగినా సరే, అడగనియ్యాల."

రామకోటి మాస్టారు అరుగు దిగి వచ్చాడు. "లేని దేవతని తిట్టకూడదని ప్రభుత్వం బోర్డు పెడితే, ఉందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదయ్యా! నా నలభయ్యేళ్ళ కష్టం ఏం గాను? ఆ ముగ్గురికీ సరే, నా మనోభావం సంగతేమిటి?"

"మీకు విభాగం లేదండీ మాస్టారూ," అన్నాడు కృపానందం.

"అదే మరీ నొప్పిగా ఉంది!"

మర్నాడు పొద్దున్న జనానికి పురపాలక సంఘం ఆఫీసు వరండా చాలలేదు. గంగాయమ్మ వెనక రేవు ఆడవాళ్ళంతా వచ్చారు. పాస్టరు గారితో చెరువు రైతూ, చర్చి వాళ్ళూ, ఇమాం సాబుతో వీసా కుర్రాడూ, దర్గా వీధి వాళ్ళూ వచ్చారు. మాస్టారు వేరే మతం కాబట్టి వేరే నిలబడ్డాడు. మేము ముగ్గురం కార్డులు మెడలో వేసుకుని త్రివిక్రమరావు గారి బల్ల ముందు వరసగా నిలబడి ఒకేసారి చేతులెత్తాం.

ఆయన కళ్ళు మెరిశాయి. "ముగ్గురునూ? ఏకకాలమున? కారణమేమి?"

"గంగాయమ్మ తిట్టకపోవడమండీ," అన్నాను. "ఊళ్ళో ఆ గొంతు వినబడక నా మనోభావం గాయపడింది."

"నాదీనండీ," అన్నాడు మీరావలి.

"లోపలిదాకా దిగిందండీ," అన్నాడు కృపానందం.

"తిట్టకుండుటకు కారకులెవరు?"

"ఉత్తర్వు ఇచ్చినవారండీ."

"ఉత్తర్వు ఇచ్చినది..." అని ఆయన ఆగిపోయారు. నిబంధన తెరిచారు. ఎవరైనప్పటికీ అన్న మాట దగ్గర వేలు పెట్టారు, ఎంతటివారైనప్పటికీ అన్న మాట దగ్గర ఇంకో వేలు పెట్టారు. ఇంకొకడైతే పుస్తకం మూసేసి మమ్మల్ని గెంటించేవాడు. ఆయన అలాంటివారు కాదని ముందే చెప్పాను. ప్రత్యేకాధికారి నుండి ప్రత్యేకాధికారికి అని శిరోనామా పెట్టి నోటీసు రాసుకున్నారు. సంతకం చేశారు. ఆ తర్వాత, నోటీసు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే కుర్చీలో ఉండటం పద్ధతి కాదని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఇవతలి కుర్చీలో కూర్చున్నారు.

నేను అభ్యర్థిగా కూర్చున్న కుర్చీ అది.

"అబ్బా!" అన్నారాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత గుమాస్తాతో, "ప్రత్యేకాధికారి కూడ గాయపడినట్లు నమోదు చేయుడి. ఉత్తర్వు రద్దు," అన్నారు.

గంగాయమ్మ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "అయ్యో బాబూ, కాపడం ఎట్టమంటారా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ అప్పటికే గుడి వైపు పరుగెత్తుతోంది.

ఆ సాయంత్రం రేవు రోడ్డు దద్దరిల్లింది. రెండ్రోజులు దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. చెరువు రైతు చర్చి మెట్ల మీదా, వీసా కుర్రాడు దర్గా గుమ్మంలోనూ ఎవరి పేచీ వాళ్ళు పెట్టుకున్నారు. ఎవరికీ ఎవరి మాటా వినబడలేదు గానీ ఎవరూ ఆగలేదు. మాస్టారు అరుగు మీంచి, "ఎవరూ వినట్లేదర్రా! పైన ఎవరూ లేరు!" అని అరుస్తున్నాడు. ఆ గోలలో నేను రోడ్డు మధ్య నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మా ఊరు మళ్ళీ మా ఊరైంది.

మార్చిలో విభాగం ఎత్తేశారు. త్రివిక్రమరావు గారు వీధికుక్కల నియంత్రణకు బదిలీ అయ్యారు. మా ముగ్గురికీ ఉద్యోగాలు పోయాయి. మీరావలి మళ్ళీ సైకిలు షాపు తెరిచాడు, కృపానందానికి తబలా ఎలాగూ ఉంది. నాకు మాత్రం నొచ్చుకోవడం తప్ప వేరే పని వచ్చినట్టు సర్టిఫికెట్టు లేదు.

అది ఎత్తెయ్యకముందే ఏడుకొండలు పడవ వచ్చింది. ఇంజను చెడిపోయి ఎటో కొట్టుకుపోతుంటే ఒడిశా వాళ్ళ పెద్ద బోటు తాడు కట్టి లాక్కెళ్ళిందట. అమ్మవారి మెలకువ వల్లనే అన్నారు ఆడవాళ్ళు. ఒడిశా వాళ్ళ మంచితనం అన్నాడు మాస్టారు. రెండూ రాసుకోవడానికి విభాగం తరపున నేను పుస్తకం తీశాను గానీ ఎవరూ నొచ్చుకోలేదు.

గంగాయమ్మ కొడుకుని రెక్క పట్టుకుని రేవు నుంచి తిన్నగా గుడికి లాక్కొచ్చింది. మేమంతా వెనకే వెళ్ళాం. ఇవాళైనా దణ్ణం పెట్టి కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. కన్నీళ్ళు పెట్టుకుంది. పెట్టుకుని, కొడుకుని ముందుకు తోసి, చీర కొంగు నడుముకి దోపింది.

"ఏవే అమ్మా! ఇన్ని రోజులా? సూడు, బుగ్గలెలా పీక్కుపోయాయో! నా కోడలు అన్నం ముట్టలేదు, తెలుసా నీకు? ఇలాగేనా పంపించేది?"

ఆవిడ అలసిపోయి మెట్ల మీద కూర్చున్నాక జనం పల్చబడ్డారు. ఉద్యోగం ఊడుతుందన్న సంగతి అప్పటికే తెలిసిపోయింది కాబట్టి నేను మూల నిలబడి చేతులు జోడించి అమ్మవారికి నా కష్టం చెప్పుకుంటున్నాను.

"ఏంటి బాబూ గొణుగుతున్నావు?" అంది గంగాయమ్మ.

"ఉద్యోగం పోతోంది కదా. అమ్మవారికి మనవి చేసుకుంటున్నాను."

"అలా గొణిగితే మళ్ళీ ఆఫీసు కాయితం అనుకుంటాది. గట్టిగా అడుగు. ఆవిడేవన్నా పరాయిదా?"

అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ముందు వరసలో ఎవరున్నారో చూశాను. ప్రసాదం కోసం వచ్చిన మీరావలీ, కృపానందం మెట్ల దగ్గర కూర్చుని ఆకుల్లో పులిహోర తింటున్నారు. కార్డులు ఇంకా మెడలోనే ఉన్నాయి. ఇద్దరూ నా వంక చూశారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

గొంతు సవరించుకుని ఆ వెండి కళ్ళలోకి చూశాను.

"ఏవే అమ్మా," అన్నాను.